ఎర్ర దీపాన్ని ఆర్పితే రోగం కుదురుతుందా?

ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడల్లో యంత్రం ఆగినప్పుడల్లా మొదట వినిపించే మాట ‘‘మళ్ళీ కరెంటు గొడవే’’ అన్నది. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. 2012, 2013 సంవత్సరాల్లో పరిశ్రమలకు వారంలో కొన్ని రోజుల చొప్పున పవర్ హాలిడే ప్రకటించిన కాలాన్ని ఇక్కడి యజమానులు గాని, కూలి పోగొట్టుకున్న కార్మికులు గాని అంత తేలికగా మరిచిపోలేరు. అయితే ఆ రోజులు గడిచిపోయాయి. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్డును దేశంలోని మిగతా గ్రిడ్డుతో అనుసంధానం చేశారు. ఆనాటి కోతలు నేడు లేవు. ‘కరెంటు గొడవ’ అన్న మాట మాత్రం పోలేదు. ఈదురు గాలికో, ఫీడరు మార్పిడికో దీపాలు ఒక్క రెప్పపాటు మినుకుమంటే చాలు, ఒక కార్ఖానాలో లైను మొత్తం నిలిచిపోతుంది. అదే ఫీడరు మీద ఉన్న పక్క కార్ఖానా ఏమీ ఎరగనట్టు నడిచిపోతుంది. తప్పు కరెంటుదే అయితే రెండూ ఆగాలి కదా!

ఈ ప్రశ్నకు జవాబు సబ్‌స్టేషన్‌లో దొరకదు. కంట్రోలు పానెల్ తలుపు తెరిస్తే లోపల ఓ మూల బిగించి ఉండే ఇటుకంత డబ్బాలో దొరుకుతుంది. దాని పేరు పవర్ సప్లై. 230 వోల్టుల ఏసీ కరెంటును 24 వోల్టుల డిసిగా మార్చి పిఎల్‌సికి, సెన్సార్లకు, రిలేలకు, వాల్వులకు అందించడం దాని పని. ఒకప్పుడు ఈ వాడల్లో మోటారు, స్టార్టరు, నాలుగు రిలేలు ఉంటే కార్ఖానా నడిచేది. నేడు మందుల యూనిట్లు, ప్లాస్టిక్, ఆహార పదార్థాల యూనిట్లు, చిన్న ఇంజనీరింగు షెడ్లు సైతం పిఎల్‌సి లేనిదే నడవని స్థితికి వచ్చాయి. లక్షల విలువ చేసే యంత్రం కొన్ని వేల రూపాయల డబ్బా దయాధర్మం మీద నడుస్తున్నదన్న సంగతి, అది ఆగిన రోజు దాకా ఎవరికీ గుర్తుకు రాదు.

రెప్పపాటు లెక్క

మంచి స్థితిలో ఉన్న పవర్ సప్లై, లోపలికి వచ్చే కరెంటు పూర్తిగా పోయినా, నిండు లోడు మీద కనీసం 20 మిల్లీ సెకన్ల పాటు 24 వోల్టులు తగ్గకుండా నిలబెట్టేలా తయారవుతుంది. అంటే మన 50 సైకిళ్ళ కరెంటులో సరిగ్గా ఒక సైకిలు కాలం. ఈ ఓర్పును ఇచ్చేది లోపల ఉండే ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లు. వాటిలోని ద్రవం వేడికి క్రమంగా ఎండిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. మే నెలలో హైదరాబాదు ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు రేకుల షెడ్డులో, దుమ్ము పట్టిన ఫిల్టరు వెనుక, ఫ్యాను తిరగని పానెల్‌లో వేడి ఎంత ఉంటుందో చెప్పనక్కరలేదు. చాలా పవర్ సప్లైల విషయంలో 50, 60 డిగ్రీలు దాటితే పూర్తి లోడు వేయవద్దని తయారీదారులే రాస్తారు. ఆ కాగితం చదివే తీరిక ఎవరికి?

పక్క కార్ఖానా నడిచి, ఈ కార్ఖానా ఆగడంలోని రహస్యం తరచు ఇదే. మినుకుమన్నది ఇద్దరికీ ఒక్కటే. తట్టుకునే శక్తి ఒకరికి మిగిలి ఉంది, మరొకరికి అయిపోయింది. కనుక విద్యుత్ సంస్థకు రాసే ఫిర్యాదుతో పాటు తన పానెల్ తలుపు కూడా ఒకసారి తెరిచి చూసుకోవలసిన బాధ్యత యాజమాన్యానికి ఉంది.

మూడు దురలవాట్లు

పవర్ సప్లై చెప్పాపెట్టకుండా చచ్చిపోయేది తక్కువ. చాలా వాటిలో వోల్టేజి సరిగా ఉన్నంతసేపు వెలిగే ఆకుపచ్చ దీపం, దానికి జతగా ఒక రిలే కాంటాక్టు ఉంటాయి. వోల్టేజి పడిపోతే ఆ కాంటాక్టు తెరుచుకుని అలారం మోగుతుంది. అసలు చిక్కు అక్కడి నుంచి మొదలవుతుంది.

మొదటి దురలవాటు రీసెట్ నొక్కడం. నొక్కగానే యంత్రం నడిస్తే కేసు కొట్టేసినట్టే. ఎన్నింటికి మోగింది, అప్పుడు ఏ మోటారు మొదలైంది, జనరేటరు మీద ఉన్నారా లైను మీద ఉన్నారా అన్న వివరం ఎక్కడా రాయరు. రెండవది, మాటిమాటికి మోగే అలారం కాంటాక్టుకు చిన్న వైరు ముక్క కట్టి నోరు మూయించడం. ‘‘రాత్రి షిఫ్టులో విసిగిస్తున్నది’’ అన్నదే దీనికి చెప్పే కారణం. ఇది కుక్క మొరుగుతున్నదని గొంతు నొక్కి, దొంగకు తలుపు తీసి పెట్టడం వంటిది. మూడవది, ఏమీ పరీక్షించకుండా డబ్బా మార్చేయడం. కొత్త డబ్బా కూడా మర్నాడు అదే పని చేస్తే ‘‘మాల్ నకిలీది’’ అని దుకాణదారు మీద పడతారు. రోగం వైరులో ఉంటే డబ్బా ఏం చేస్తుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. యంత్రం చివర ఉన్న సెన్సారు కేబులు ఒరుసుకుపోయి రేకుకు తగిలి షార్టు అయ్యిందనుకోండి. పవర్ సప్లై తనను తాను కాపాడుకోవడానికి కరెంటు ఆపేసి, క్షణం ఆగి మళ్ళీ ప్రయత్నిస్తుంది, మళ్ళీ ఆపేస్తుంది. ఆకుపచ్చ దీపం ఎక్కిళ్ళు పెట్టినట్టు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. మామూలు ఎంసిబి పడిపోవడానికి కావలసినంత కరెంటును ఆ డబ్బా ఇవ్వలేదు కాబట్టి ఎంసిబి కూడా పడదు. ఒక్క తీగ తప్పుకు 24 వోల్టుల లైను మొత్తం కుప్పకూలుతుంది. ఇక్కడ డబ్బా నేరస్థుడు కాదు, సాక్షి. సాక్షిని శిక్షించి కేసు మూసేయడం మన పానెళ్ళలో నిత్యం జరుగుతున్న తంతు.

పరీక్షకు ఒక వరస

దీనికి పెద్ద చదువులు అక్కరలేదు. ఒక వరస కావాలి, ఓపిక కావాలి. యంత్రాన్ని భద్రంగా ఆపి, ఏ వాల్వు ఏ స్థితికి పోతుందో చూసుకున్న తర్వాత లోడు వైర్లన్నీ విడదీయాలి. అప్పుడు డబ్బా నిలకడగా 24 వోల్టులు ఇస్తే తప్పు బయట ఉన్నట్టు. ఒక్కొక్క శాఖను తిరిగి కలుపుతూ పోతే ఏ శాఖ దగ్గర కూలిందో అక్కడ షార్టు దొరుకుతుంది. లోడు లేకపోయినా వోల్టేజి రాకపోతే ముందు లోపలికి వచ్చే 230 వోల్టులు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. ఆ తర్వాతే డబ్బాను అనుమానించాలి.

లోడు లేనప్పుడు బాగున్నట్టు కనిపించే రోగాలూ ఉన్నాయి. అందుచేత యంత్రం నడుస్తుండగా రెండు చోట్ల కొలవాలి: డబ్బా దగ్గర ఒకసారి, తీగ చివరన ఒకసారి. మొదటిచోట 24 ఉండి చివర 20, 21కి పడిపోతే వదులైన టెర్మినలో, సన్నని తీగో కారణం. చాలా పిఎల్‌సిలు 20.4 వోల్టుల దాకా ఓర్చుకుంటాయి. ఆ గీత అంచున నడిచే యంత్రం ఏ వాల్వు తెరుచుకున్నప్పుడో దభాలున ఆగుతుంది. ఆగిన తర్వాత కొలిస్తే మళ్ళీ 24 చూపిస్తుంది. ‘‘దయ్యం పట్టింది’’ అనుకునే కేసుల్లో చాలా వరకు ఈ కోవకు చెందినవే.

కెపాసిటర్లు ఎండినవీ లేనిదీ మీటరును ఏసీ వైపు తిప్పి డిసి లైను మీద పెడితే కొంత తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డబ్బాలో ఆ అలజడి వోల్టులో పదోవంతుకు లోపే ఉంటుంది. అంతకు ఎన్నో రెట్లు కనిపిస్తే డబ్బాకు వయసు మళ్ళినట్టే. అయితే కొన్ని చౌక మీటర్లు డిసిని కూడా ఏసీగా చూపి మోసగిస్తాయి. ప్రోబులు తారుమారు చేసి చూస్తే ఆ మోసం బయటపడుతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు తెచ్చి వేయించుకోవడం తప్పు కాదు గాని, రిపేరయిన డబ్బాను లోడు మీద పరీక్షించకుండా యంత్రానికి తగిలించడం తప్పు. స్విచ్చి ఆపినా లోపలి కెపాసిటరులో 300 వోల్టులకు పైగా డిసి కొంతసేపు నిలిచి ఉంటుందన్న సంగతి తెలియనివారు ఆ మూత విప్పనే కూడదు. బయట 24 వోల్టులే కదా అన్న ధీమాతో చేయి పెడితే ప్రాణానికే ముప్పు.

రెండున్నాయన్న ధీమా

కాస్త పెద్ద యూనిట్లలో ఒకటి పోతే మరొకటి ఆదుకుంటుందని రెండు పవర్ సప్లైలు పెడతారు. ఇది మంచి ఏర్పాటే. కాని కాలక్రమాన ఏమవుతుంది? తొలుత 8 ఆంపియర్ల లోడుకు పది పది ఆంపియర్లవి రెండు పెట్టారనుకోండి. ఏటా నాలుగు సెన్సార్లు, రెండు వాల్వులు చేరి లోడు 14కు పెరుగుతుంది. ఆనాటి నుంచి రెండూ కలిస్తేనే యంత్రం నడుస్తుంది. ఒకటి ఆదుకోవడమన్నది కాగితం మీదనే మిగులుతుంది. లోడు పెరగకపోయినా ముప్పు ఉంది. ఒకటి పోయినా యంత్రం ఆగదు గనుక, అలారం నోరు కట్టేసి ఉంటే ఎవరికీ తెలియదు. రెండవది పోయిన రోజున ‘‘రెండూ ఒకేసారి పోయాయి’’ అని ఆశ్చర్యపోతారు. ఒకేసారి పోలేదు. మొదటిది ఎప్పుడో పోయింది. దాని చావు కబురు ఎవరూ వినలేదు, అంతే.

ఇది చిన్న షెడ్లకే పరిమితమైన జాడ్యం కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని రాంచో సెకో అణు విద్యుత్ కేంద్రంలో 1985 డిసెంబరు 26 తెల్లవారుజామున కంట్రోలు వ్యవస్థకు డిసి సరఫరా పోయింది. రియాక్టరు ఆగిపోయి, అదుపు తప్పి వేగంగా చల్లబడింది. దర్యాప్తులో తేలిందేమిటంటే, పవర్ సప్లైల బాగోగులు కనిపెట్టి ఉండవలసిన పరికరంలోనే ఒక తీగ కొనను సరిగా బిగించలేదు. అది పొరబడి సరఫరాను తెంచివేసింది. తిరిగి రప్పించడానికి కావలసింది పడిపోయిన రెండు స్విచ్చులను ఎత్తడమే. ఆ సంగతి గుర్తుపట్టడానికి దాదాపు 26 నిమిషాలు పట్టింది. గోటితో పోయేదానికి గొడ్డలి అవసరం వచ్చిందంటే ఇదే.

మన దేశంలో 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు కేంద్రంలో టర్బైను బ్లేడు విరిగి మంటలు లేచాయి. అసలు సరఫరా తీగలు, ఆపద్ధర్మ సరఫరా తీగలు తగిన అడ్డు లేకుండా ఒకే దారిన పోవడంతో రెండూ కాలిపోయి కేంద్రం దాదాపు 17 గంటలు చీకటిలో మునిగింది. సిబ్బంది టార్చిలైట్ల వెలుతురులో చేతులతో వాల్వులు తిప్పి ప్రమాదాన్ని తప్పించారు. రెండు సరఫరాలూ ఒకే ఎంసిబి నుంచి తీసుకున్న పానెల్ మన వాడలో ఉంటే దానికీ ఇదే పాఠం వర్తిస్తుంది.

అలారాల సంఖ్య పెంచితే క్షేమమనుకోవడమూ భ్రమే. బ్రిటన్‌లో మిల్‌ఫర్డ్ హేవెన్ చమురు శుద్ధి కర్మాగారంలో 1994 జులై 24న పేలుడు జరిగింది. పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయి. మనిషి అన్నవాడు అన్ని వినగలడా? ఆ తర్వాత ఆ దేశంలో వెలువడిన మార్గదర్శకాలు, మామూలు సమయంలో ఒక ఆపరేటరుకు 10 నిమిషాలకు ఒక అలారం మించకుండా చూడాలన్నాయి. పవర్ సప్లై పోతే మాత్రం సెన్సార్లన్నీ ఒక్కసారి చచ్చిపోయి తెర మీద అలారాల వాన కురుస్తుంది. వాటిలో మొట్టమొదటిది ఏదో చెప్పగల ఏర్పాటు ఉంటే తప్ప అసలు దోషి దొరకడు. 24 వోల్టుల అలారం మోగడానికి అదే 24 వోల్టుల మీద ఆధారపడటం కూడా తెలివితక్కువ పని. దాని హారనుకు వేరే సరఫరా ఉండి తీరాలి.

ఎవరి తప్పు?

దోషాన్ని ఎలక్ట్రీషియను మీదికి నెట్టడం సులభం. కాని ఆ ఎలక్ట్రీషియను చేతిలో ఏముంది? పానెల్ డ్రాయింగు యజమాని బీరువాలోనో, ఏనాడో బిల్లు తీసుకుని వెళ్ళిపోయిన కాంట్రాక్టరు దగ్గరో ఉంటుంది. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. అతడు కాంట్రాక్టు మనిషి, ఈ నెల ఈ గేటు, వచ్చే నెల మరో గేటు. గంట సేపు యంత్రం ఆపి పరీక్షిస్తానంటే ‘‘ఉత్పత్తి పోతుంది’’ అని సూపర్‌వైజరు కసురుకుంటాడు. కాంటాక్టుకు వైరు ముక్క కట్టింది అతడి చేయి కావచ్చు. కట్టించింది ఆ కసురు. ప్రమాదం జరిగిన నాడు మాత్రం సంజాయిషీ అడిగేది అతడినే.

యజమానుల మాటలోనూ న్యాయం లేకపోలేదు. చిన్న యూనిట్లకు బ్యాంకు వడ్డీ, ముడిసరుకు ధర, బకాయి పడ్డ బిల్లులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. పైగా పాత పారిశ్రామిక వాడలను ఔటర్ రింగు రోడ్డు అవతలికి తరలించాలన్న మాట ఏళ్ళుగా వినిపిస్తున్నది. రేపో మాపో పోయే షెడ్డుకు ఇప్పుడు ఖర్చెందుకన్న ఆలోచన సహజం. కాని షెడ్డు కదిలే దాకా అందులో మనుషులు పనిచేస్తూనే ఉంటారు. చుట్టూ కాలనీలు పెరిగిన నాచారం, మల్లాపూర్ ప్రాంతాల్లో ఒక రియాక్టరు మీద అదుపు తప్పితే ఆ ముప్పు ప్రహరీ లోపలే ఆగదు.

పైగా ఇక్కడ అడుగుతున్నది పెద్ద ఖర్చు కాదు. పానెల్ తలుపు లోపల డ్రాయింగు కాపీ ఒకటి. అలారం ఎప్పుడు, ఏ స్థితిలో మోగిందో రాసే రిజిస్టరు ఒకటి. ఫిల్టరు దులపడానికి, టెర్మినళ్ళు బిగించడానికి నెలకో పూట. రెండు సప్లైలున్నచోట, నిర్ణీత విరామంలో ఒక్కొక్కటి ఆపి రెండవది మోస్తుందో లేదో చూసే పరీక్ష. యుపిఎస్ మీద పచ్చదీపం వెలిగినంత మాత్రాన బ్యాటరీ బతికి ఉన్నట్టు కాదు గనుక మూడు నెలలకోసారి లోడు మీద దాని పరీక్ష. పాత పిఎల్‌సిల్లో ప్రోగ్రాము చిన్న బ్యాటరీ మీద ఆధారపడి ఉంటుంది. దాని దీపం వెలిగినప్పుడే, కరెంటు ఉండగానే మార్చుకోవాలి, ప్రోగ్రాము కాపీ వేరేచోట దాచుకోవాలి. కరెంటు తీసి మార్చబోతే ఏళ్ళనాటి ప్రోగ్రాము తుడిచిపెట్టుకు పోయి, రాసినవాడి కోసం ఊళ్ళు తిరగవలసి వస్తుంది.

పెరట్లో చెట్టు

విచిత్రమేమిటంటే, ఈ విద్యకు హైదరాబాదు తూర్పు ప్రాంతమే పుట్టినిల్లు వంటిది. 1967లో ఎ.ఎస్.రావు సారథ్యంలో ఏర్పడిన ఇసిఐఎల్ నాచారానికి కొద్ది మైళ్ళ దూరంలోనే ఉంది. దేశంలోని అణు విద్యుత్ కేంద్రాలకు కంట్రోలు పరికరాలు అక్కడి నుంచే వెళ్ళాయి. ఎలక్ట్రానిక్స్, ప్రాసెస్ ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో శిక్షణ ఇవ్వడానికి 1970లలో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన సంస్థ, నేటి జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ, ఉప్పల్‌ను ఆనుకుని రామంతాపూర్‌లోనే ఉంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతను ఉప్పల్, నాచారం వాడలు నిజం చేయవలసిన పనిలేదు.

ఈ దిశగా మూడు పనులు వెంటనే జరగాలి. ఒకటి: పారిశ్రామికవాడ సంఘాలు చొరవ తీసుకుని, పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్ల కోసం రామంతాపూర్ సంస్థలో సాయంత్రం పూట తెలుగులో నాలుగైదు రోజుల తరగతులు ఏర్పాటు చేయించాలి. రోజుకూలి కోసుకోకుండా యజమానులు వారిని పంపాలి. రెండు: విడిగా కొనుక్కోలేని చిన్న యూనిట్లకు డబ్బాలను, బ్యాటరీలను లోడు మీద పరీక్షించి ఇచ్చే ఉమ్మడి కేంద్రం ఒకటి వాడలో వెలవాలి. సంఘాలు స్థలం, పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ సహాయం అందిస్తే ఇది అసాధ్యం కాదు. మూడు: ఫీడరు మార్పిడి, మరమ్మతు వేళలను విద్యుత్ పంపిణీ సంస్థ ముందుగా తెలియపరచాలి. మినుకుమన్న ప్రతిసారీ వేళ తెలిస్తే, తప్పు లైనుదో పానెల్‌దో రిజిస్టరు పక్కన పెట్టి తేల్చుకోవచ్చు. ఒకరి మీద ఒకరు నెపం వేసుకునే అవసరం ఉండదు.

వీటన్నిటికంటె ముందు ప్రతి కార్ఖానాలోను ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కారణం తెలుసుకోవడానికి యంత్రం ఆపిన ఎలక్ట్రీషియను ఉత్పత్తికి అడ్డుపడినవాడు కాదు. కారణం తెలుసుకోకుండా రీసెట్ నొక్కమన్నవాడే అడ్డుపడినవాడు. ఈ మాట గేటు లోపల యజమాని నోటి నుంచి రానంతకాలం రిజిస్టర్లు ఖాళీగానే ఉంటాయి, వైరు ముక్కలు కాంటాక్టులకు వేలాడుతూనే ఉంటాయి. అలారం మోగేది యంత్రాన్ని ఆపడానికి కాదు, మనిషి ఇంటికి క్షేమంగా చేరడానికి. చేతులు కాలిన తర్వాత ఆకులు పట్టుకునే కంటె, ఇవాళే పానెల్ తలుపులు తెరిచి, ఎన్ని కాంటాక్టుల నోళ్ళు కట్టేసి ఉన్నాయో లెక్క చూసుకోవడం మంచిది.